బందరు దస్త్రములలో విడాకులు

పెడనలోనో, గుడివాడ చెంత నొక పల్లెయందో, దివిసీమ లంకలలోనో పుట్టి, తన ముత్తవ్వ మొదటి మనువు ఎట్లు తెగినదో, రెండవది ఎట్లు కుదిరినదో కాగితముమీద చూడగోరి బందరు జిల్లాకోర్టు మెట్లెక్కినవానికి మొట్టమొదట నెదురగు చిక్కు ఏమనగా, 1949వ సంవత్సరమునకు పూర్వము హిందూదంపతుల విడాకుల పిటిషను అను జాతి దస్త్రమే ఆ కచేరీలో పుట్టుట కవకాశము లేదు. మతాంతర మొందినవారి సంగతి వేరు. అది తరువాత చెప్పెదను. అంతమాత్రమున ఆ కాలమున ఈ డెల్టాలో కాపురములు తెగలేదనుకొనరాదు. తెగినవి, తెగినప్పుడెల్ల నలుగురు కూర్చుండిరి, ఇచ్చిపుచ్చుకొనుటలు తేలినవి, ఒక్కొక్కయెడ కాగితమును పుట్టినది. కాని యా కాగితమునకు కోర్టులో సొంత గూడు లేకపోయెను. అది మనోవర్తి దావాలలో, పంపకపు వ్యాజ్యములలో, ద్వితీయవివాహ నేరపు విచారణలలో, ఎవరో ఎవరిమీదనో తెచ్చిన తగవులలో, నిదర్శనపత్రముగానో, సాక్షి వాఙ్మూలముగానో, ప్రతివాది జవాబులో నొక పంక్తిగానో తలదాచుకొనియున్నది. కాబట్టి ఈ సీమలో విడాకుల చరిత్ర వ్రాయదలచువాడు పరుల వ్యాజ్యములను ఓపికతో చదువ నేర్చుకొనవలెను.

కచేరీ వెలసిన కథ కొంత చెప్పక తీరదు. 1611లో ఆంగ్లేయులు వర్తకశాల తెరచిన ఈ రేవుపట్టణము 1750లో ఫ్రెంచివారి వశమై, 1759లో కర్నల్ ఫోర్డు ముట్టడితో మరల ఆంగ్లేయుల చేజిక్కినది. బెంగాలున కారన్‌వాలిసు నెలకొల్పిన న్యాయపద్ధతిని 1802లో చెన్నరాజధానికి విస్తరింపజేసినప్పుడు జిల్లా న్యాయస్థానములు లేచినవి. వానిలో బందరు దొకటి. ఆ యేటి మూడవ రెగ్యులేషను, వారసత్వము, వివాహము, కులము మున్నగు విషయములందు హిందువులకు ధర్మశాస్త్రమును, మహమ్మదీయులకు షరియతును అనుసరించి తీర్పు చెప్పవలెనని విధించినది. శాస్త్రమెరుగని దొరకు శాస్త్రము చెప్పుటకై పండితుని, ఖాజీని కోర్టున నియమించిరి. ఆ యుద్యోగములు 1864లో రద్దైనవి. అంతకు ముందే, 1859లో, మచిలీపట్టణము (బందరు), గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణాజిల్లా యని పేరిడిరి. 1873 నాటి చెన్నరాజధాని సివిల్ కోర్టుల చట్టము జిల్లా మునసబు, సబ్ జడ్జి, జిల్లా జడ్జి అను మూడు మెట్లను ఏర్పరచినది. మన తాతలు "మునసబు కోర్టు", "సబ్‌కోర్టు" అని వాడిన మాటలు ఆ నిచ్చెనవే.

బందరు కాగితము ఎంత దూరము పోగలదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. వారసులు లేని యొక బ్రాహ్మణుని ఆస్తి సర్కారునకు చెందునా యను ప్రశ్నపై బందరు కలెక్టరునకును కావలి వేంకట నారాయణప్పకును నడుమ నడచిన వ్యాజ్యము లండను ప్రీవీ కౌన్సిలు దాక పోయి, 1861లో అచ్చట తీర్పు వడసినది. వితంతువునకు భర్త ఆస్తిపై గల పరిమిత హక్కును గురించి న్యాయవాదులు నేటికిని దానిని స్మరింతురు. ఇట్టి వ్యాజ్యముల నడుమనే మన ముత్తవ్వల సంగతులును నలిగినవి. ఆస్తి యున్నచో కోర్టు చూపు పడినది, ఆస్తి లేనిచో పడలేదు.

పండితుల శాస్త్రము వివాహబంధమును తెగనిదిగా చూచెను. పరాశరస్మృతి అయిదు ఆపదలయందు స్త్రీకి వేరొక పతిని అనుమతించినను, వ్యాఖ్యాతలు దానిని కలియుగమునకు చెల్లదనిరి. కాని బందరు చుట్టుపట్ల మగ్గములు నేయు వీధులలో, వలలు ఆరవేయు పల్లెపాలెములలో, వరి నాట్లు వేయు పేటలలో శాస్త్రముకంటె ఆచారమునకే చెల్లుబడి యెక్కువ. 1868లో రామనాథపురము వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు, స్పష్టముగా రుజువైన ఆచారము శాస్త్రవచనమును మించునని పలికినది. 1894లో మదరాసు హైకోర్టు, ఉభయసమ్మతిచే వివాహమును రద్దుచేసికొను కులాచారము హిందూధర్మమునకు విరుద్ధము కాదని తీర్పిచ్చినది. ఈ రెండు వాక్యములతో కులపెద్ద కోర్టు బోనులోనికి వచ్చినాడు. మా కులమున ఇట్లు చేయుదుము, మా తండ్రి నాటినుండియు ఇంతే, దండుగ ఇంత, పెండ్లి ఖర్చు తిరిగి ఇచ్చుట ఇట్లు, అని అతడు తెలుగున చెప్పుచుండగా, న్యాయాధిపతి దానిని తరచు తన చేతివ్రాతతో ఆంగ్లమున వ్రాసికొనెడివాడు. నా కీ సాక్ష్యములే తీర్పులకంటె విలువైనవిగా తోచును. తీర్పు ఒక్క తగవును తేల్చును. సాక్ష్యము ఒక వీధి బ్రదికిన తీరును చెప్పును.

నేతవారి యిండ్లలో ఈ తెగతెంపులకు మరియొక బరువు కలదు. పెడన మగ్గమునకు మగవాడొక్కడు చాలడు. రాట్నముపై కండెలు చుట్టు ఆడుది లేనిదే నేత సాగదు. ఆలు పుట్టింటికి పోయినచో అన్నము వండువారు లేకుండుట యటుండనిమ్ము, మగ్గమే ఆగిపోవును. నూలు ఇచ్చిన షావుకారునకు చీర అందదు. కాబట్టి పెద్దలు రెండు వైపుల వారిని కూర్చుండబెట్టి తొందరగా తేల్చుటలో ధర్మచింతతోపాటు నూలుచింతయు నుండెననుట అన్యాయము కాదు. పెట్టిన సొమ్ములెన్ని, పెండ్లి ఖర్చు లెవరు పెట్టిరి, పిల్లలెవరి వద్ద నుండవలె, ఆమె మారుమనువునకు అడ్డు లేదా, అను నాలుగు సంగతులు తేలిన పిమ్మట తాళి, మెట్టెలు తిరిగి చేతులు మారెడివి. థర్‌స్టను 1909లో ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమున ఎన్నో తెలుగు కులములలో విడాకులు, మారుమనువు వాడుకలో నున్నట్లు నమోదు చేసియున్నాడు.

చదువు పెరిగినకొలది పెద్దల మాట కాగితమెక్కినది. స్టాంపు కాగితము కొని, దస్తావేజు లేఖరిచే వ్రాయించి, సాక్షుల సంతకములును వ్రేలిముద్రలును వేయించి, జాగరూకులైనవారు దానిని రిజిస్ట్రారు కచేరీకి కూడ కొనిపోయిరి. ఇచ్చట వెదకువారికి పనికివచ్చు నొక సూక్ష్మము చెప్పవలెను. 1908 రిజిస్ట్రేషను చట్టము ననుసరించి స్థిరాస్తి సంబంధము లేని దస్తావేజులు నాల్గవ పుస్తకమున నకలగును. విడాకుల ఒప్పందము సాధారణముగా అందులోనిది. ఆ నాల్గవ పుస్తకపు నకలు వ్రాసిన పక్షములకును, వారి హక్కుదారులకును తప్ప ఎవరికి బడితే వారికి ఇయ్యరు. కాని యా ఒప్పందములో భార్య మనోవర్తి క్రింద ఎకరమో, అరయెకరమో పొలమును, ఇంటిలో ఒక వసారాను రాసియిచ్చియుండినచో, అది మొదటి పుస్తకమునకు చేరును. మొదటి పుస్తకమును, దాని సూచికను రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును, నకలు పొందవచ్చును. పొలముపై ఈ.సి. తీయించినపుడు అందులో నొక యాడుదాని పేర అనుకోని పంక్తి కనబడినచో, అది పూర్వమెన్నడో తెగిన కాపురపు జాడ కావచ్చును. పొలము లేనివారి విడాకులు పెట్టెలోనే యుండిపోయెను. పెట్టె పోయినచో అవియు పోయెను.

కోర్టులో దాగిన తావులు ప్రధానముగా రెండు. మొదటిది, 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 488వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు ఎదుట తెచ్చిన మనోవర్తి దరఖాస్తు. మొదట నెలకు 50 రూపాయలకు మించి ఇప్పింపరాదనియు, 1923లో 100కును, 1955లో 500కును పెంచియు నున్న ఈ సెక్షను బీద స్త్రీలకు అందుబాటులోనున్న ఏకైక ద్వారము. భార్య మనోవర్తి కోరగా, ఆమె ఇక నా భార్య కాదు, మా కులపెద్దల ఎదుట ఫలానా యేట తెగిపోయినది, అని భర్త బదులు చెప్పెడివాడు. పెద్దల కాగితము అప్పుడు వెలికి వచ్చెడిది. రెండవది మరింత కఠినము. 1860 శిక్షాస్మృతి 494వ సెక్షను ద్వితీయవివాహమును నేరముగా చేసినను, పురుషుడు ఎందరినైన పెండ్లాడుట నాటి హిందూధర్మమున చెల్లినందున ఆ సెక్షను అతనిని తాకలేదు. తాకినది మారుమనువు చేసికొన్న స్త్రీని. పగబట్టిన మొదటి భర్త ఫిర్యాదు చేసినచో, తన విడాకులు కులాచారముచే చెల్లినవని ఆమె రుజువు చేసికొనవలెను, లేదా శిక్ష అనుభవింపవలెను. ఒక స్త్రీ తనకు విడాకులైనదను మాటను మేజిస్ట్రేటు ఎదుట ముద్దాయిగా నిలిచి నిరూపించుకొనవలసిన కాలమది. ఇవి కాక, నలువది యేబది యేండ్లు గడచిన తరువాత ఆమె రెండవ మనువు బిడ్డలు పిత్రార్జితమున వాటా కోరినపుడు, దాయాదులు వారి పుట్టుక నాక్షేపించుటచే, చనిపోయిన తల్లి విడాకులు పంపకపు దావాలో మరల విచారణకు వచ్చుట గలదు.

మతాంతరము విషయమున చట్టము ముందే కన్ను తెరచినది. 1843లో రాబర్టు నోబిలు దొర బందరున పెట్టిన పాఠశాలలో 1852లో విద్యార్థులు క్రైస్తవము స్వీకరించుట పట్టణమును కలచివేసిన సంగతి ప్రసిద్ధము. ఇట్టివారి భార్యలు, భర్తలు కులమున నిలిచిపోయినచో ఆ వివాహము ఏమగును? ఈ చిక్కు దేశమంతట నున్నందున 1866లో ప్రత్యేక చట్టము వచ్చినది. మతము మారినందున ఆరు నెలలు తన్ను విడిచియున్న ఆలినిగాని మగనిని గాని కోర్టునకు పిలిపించి, ఇష్టమో కాదో న్యాయాధిపతి విచారించి, ఒక యేడు గడువిచ్చి, అప్పటికిని నిరాకరించినచో బంధము తెంచవచ్చును. 1869 నాటి విడాకుల చట్టము క్రైస్తవులకు జిల్లా జడ్జి ఎదుట దారి చూపినది. అయితే జిల్లా జడ్జి ఇచ్చిన డిక్రీని హైకోర్టు స్థిరపరచువరకు అది పూర్తి కానేరదు. ఈ నిబంధన 2001 వరకు నిలిచినది. కాబట్టి ఆ డిక్రీలకు బందరున ఒక జాడ, చెన్నపురిన గాని, 1954 జులై 5 తరువాత గుంటూరున, 1956 నవంబరు తరువాత హైదరాబాదున గాని మరియొక జాడ యుండవలెను. మహమ్మదీయ స్త్రీకి కోర్టు ద్వారము 1939లో తెరువబడినది. అంతకు ముందు తలాకునామాలు, ఖులా కాగితములు ఇండ్లలోను, ఖాజీల వద్దను ఉండెడివి.

1949లో చెన్నరాజధాని శాసనసభ చేసిన ఆరవ చట్టము హిందూపురుషుల బహుభార్యాత్వమును నిషేధించి, విడాకులకు మొదటిసారి కోర్టు తలుపు తీసినది. 1955 మే 18న హిందూ వివాహచట్టము అమలునకు వచ్చి దానిని రద్దుచేసెను. ఈ కొత్త చట్టము తొలుత చాల జాగ్రత్త గలది: పెండ్లియై మూడేండ్లు నిండనిదే పిటిషను కూడదు, డిక్రీ వచ్చిన పిమ్మట ఏడాది దాక మారుపెండ్లి కూడదు, క్రూరత్వమును, విడిచిపెట్టుటయు వేరు కాపురపు డిక్రీకే గాని విడాకులకు చాలవు. 1976 సవరణ ఈ ముళ్ళను చాలవరకు తీసివేసి, పరస్పరాంగీకారపు విడాకులను చేర్చినది. 29వ సెక్షను మాత్రము ఆచారపు విడాకులను చెక్కుచెదరనీయలేదు. పెద్దల కాగితము నేటికిని చెల్లును, కాని కులమున అట్టి ఆచారమున్నదని ప్రత్యేకముగా చెప్పి రుజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2002లో పలికినది. స్టాంపు కాగితముపై ఊరక సంతకములు చేసికొన్నంతనే విడాకులైనవని నమ్ము జనులు ఇప్పటికిని ఉన్నారు. వారి నమ్మకమునకు వెనుక నున్నది ఈ పాత చరిత్రయే గాని మూర్ఖత్వము గాదు.

ఇక వెదకుట. పెడననుండి బందరు సుమారు పది కిలోమీటర్లు. 1908లో బెజవాడ–బందరు రైలుదారి పడినప్పటినుండి కోర్టు వాయిదాలకు పోవుట నేతవారికి సుళువైనది. కాని మొదట తెలియవలసినది ఏ కోర్టు అనునది. హిందూ వివాహచట్టము "జిల్లా కోర్టు" అనిన చోట ప్రభుత్వము ప్రకటించిన ఇతర సివిల్ కోర్టులును చేరును. మన రాష్ట్రమున సబ్‌కోర్టులు ఈ పిటిషన్లను విచారించుచు వచ్చినవి. కాపురమునకు రమ్మను డిక్రీ రాజ్యాంగవిరుద్ధమని 1983లో జస్టిస్ పి. ఏ. చౌదరి తీర్పు చెప్పిన వ్యాజ్యము కడప సబ్‌కోర్టున పుట్టినదే. పెండ్లి ఎచ్చట జరిగెను, దంపతులు కడపట కలసి యెచ్చట నుండిరి, ఎదిరిపక్షము ఎచ్చట నివసించెను, అను మూడు ప్రశ్నలకు బదులు దొరకినచో కోర్టు ఏదో తేలును. 2003 తరువాతి కేసులలో భార్య నివాసము నాల్గవది.

తరువాత ఓ.పి. (ఒరిజినల్ పిటిషను) నంబరు, సంవత్సరము. నంబరు ఎవరికిని జ్ఞాపకముండదు; సంవత్సరము మరియొక తీరున జ్ఞాపకముండును. "ఏ యేడమ్మా?" అని ప్లీడరు గుమాస్తా అడుగును. "ఏడంటే నాకేం తెలుసు బాబూ, ఉప్పెనొచ్చిన ముందటేడు," అని దివిసీమ ముసలమ్మ బదులు చెప్పును. ఆ ఉప్పెన 1977 నవంబరు 19 నాటిదని గుమాస్తా ఎరుగును. 1976 రిజిస్టరు అడుగును, దొరకనిచో ముందువెనుకల రిజిస్టర్లు త్రిప్పించును. ఆమె తాతల నాడు ఇదేవిధముగా 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెననుండి లెక్కించియుందురు. ముప్పదివేలమంది ప్రాణములు గొన్న ఆ రాత్రి బందరు వారి పంచాంగమున చిరకాలము నిలిచినది. దివిసీమలో పూరియిండ్లతో పెట్టెలు కొట్టుకొనిపోయిన కుటుంబమునకు కోర్టు నకలు తప్ప వేరు ఆధారము మిగులదు.

సంవత్సరము చిక్కిన పిమ్మట నకలు దరఖాస్తు కోర్టుఫీజు స్టాంపుతో కాపీ సెక్షనున దాఖలు చేయవలెను. రికార్డు గదినుండి దస్త్రము దిగిన తరువాత, ఎన్ని కాగితములు కావలెనో లెక్కకట్టి "స్టాంపులు పిలిచిన" దరఖాస్తుల జాబితా నోటీసు బోర్డుపై అంటింతురు. గడువులోపల స్టాంపులు కట్టనిచో దరఖాస్తు కొట్టివేయబడును. పల్లెలనుండి వచ్చువారు ఎక్కువగా తప్పిపోవునది ఈ గోడవద్దనే. బోర్డు చూచుటకు మనిషి లేనందున మొదటినుండి మరల దరఖాస్తు పెట్టవలసివచ్చును. పూర్వము నకలును గుమాస్తా చేతితో వ్రాయ, పిదప టైపు చేయ, మరియొకడు మూలముతో పోల్చి చూచెడివాడు, ఇప్పుడు జిరాక్సు. నకలు మీద చిన్న పట్టిక యొకటి యుండును: దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. అప్పీలు గడువులో నకలుకు పట్టిన కాలమును మినహాయింతురు గనుక ఈ పట్టికయే కొన్నిసార్లు తీర్పుకంటె విలువ చేయును. విడాకుల డిక్రీ నకలును ఉభయపక్షములకు ఉచితముగా ఇయ్యవలెనని హిందూ వివాహచట్టము 23వ సెక్షనున చెప్పియున్నది; అడుగవలెనని తెలియనివారు చాలమంది.

పక్షములు కానివారికి దారి ఇరుకు. వారు ప్రమాణపత్రముతో కారణము చెప్పి న్యాయాధిపతి అనుమతి పొందవలెను. 1976 సవరణ పిమ్మట ఈ విచారణలు మూసిన తలుపుల వెనుక జరుగుచున్నవి, వాని వివరములు ప్రచురించుట నేరము. సమాచారహక్కు చట్టమును చూపి కోర్టు నకళ్ళు పొందవచ్చునని తలచినవారికి 2020 మార్చిలో సుప్రీంకోర్టు, కోర్టు నియమములున్నచోట ఆ నియమముల ద్వారానే రావలెనని బదులు చెప్పెను. మునిమనవరాలు తన ముత్తవ్వ కథ వెదకుటను న్యాయాధిపతి సరియైన కారణముగా నెంచునో లేదో ఆయన విచక్షణమునకు సంబంధించినది. ఎంచవలెనని నా మనసు. 1917 నాటి రికార్డుల నాశనచట్టము క్రింద కాలము తీరిన కాగితములు కాల్చివేయబడును. తీర్పులు, డిక్రీలు నిలుచును గాని, సమన్లు మొదలగు అల్పపత్రములు నిలువవు.

ఈ సీమ బిడ్డలు అమెరికా చేరిన తరువాత కోర్టులును రెండైనవి. తిరుపతిలో పెండ్లియైన యొక తెలుగు దంపతుల విషయమున, భర్త మిస్సోరి రాష్ట్రము సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టున 1980లో తెచ్చుకొన్న డిక్రీ ఇచ్చట చెల్లదని 1991 జులైలో సుప్రీంకోర్టు తేల్చినది. ఆ తీర్పులో అంతగా ప్రచారము కాని భాగమొకటి కలదు: కౌంటీ కోర్టు రికార్డు ప్రతిని ఇచ్చట సాక్ష్యముగా చూపవలెనన్న, అచ్చటి గుమాస్తా ధ్రువీకరణము ఎట్టిది కావలెనను చర్చ. పెడన కుర్రవాడు అమెరికాలో రెండవ పెండ్లికి దరఖాస్తు చేయునపుడు బందరు డిక్రీ నకలు కావలెనందురు. అచ్చటి కౌంటీలో విడిపోయి ఇచ్చట పెండ్లాడువాని నుండి అచ్చటి నకలు కోరుదురు.

ఇప్పుడు ఈ-కోర్టుల పద్ధతిలో పక్షముల పేర్లతో కేసు వెదకు సౌకర్యము వచ్చినది. పాత కేసులకు అది చాలదు. కొత్తవానికిని చిక్కు లేకపోలేదు. ఒకే యింటిపేరును ఒక గుమాస్తా ఇంగ్లీషున ఒక తీరున, మరొకడు వేరొక తీరున వ్రాయును. పెండ్లికి పూర్వపు ఇంటిపేరుతో నొక కేసు, తరువాతి దానితో మరొక కేసు నమోదగును. "లక్ష్మి" యని వెదకినచో జిల్లాలోని లక్ష్ములందరును వత్తురు. ప్లీడరు గుమాస్తా నేటికిని మొదట అడుగునది పేరు కాదు, నంబరును, సంవత్సరమును.